ముట్టుకోవచ్చా?

మన ఇళ్ళలో పసిపిల్లలకు మొట్టమొదట వచ్చే మాట ఏదంటే "అమ్మ" అంటారు అందరూ. అది వాళ్ళు పలికే మొదటి మాట కావచ్చు. వాళ్ళు వినే మొదటి మాట మాత్రం "ముట్టుకోకు" అని నా అనుమానం. నమ్మకపోతే పాకే వయసు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఒక్క పూట చాప మీద కూర్చుని లెక్కపెట్టండి. నేను ఓసారి లెక్కపెట్టాను. ముప్ఫై దాకా వచ్చి, మధ్యలో నేనే ఒకటి అనేసి, లెక్క మరిచిపోయాను.

పొయ్యి ముట్టుకోకు. కత్తిపీట ముట్టుకోకు. తాతయ్య కళ్ళజోడు ముట్టుకోకు. నైవేద్యం పెట్టేదాకా గారెలు ముట్టుకోకు. ఇస్త్రీ బట్టలు, కొత్త కేలెండరు, అద్దాల బీరువా, ఆవకాయ జాడీ... చివరికి పిల్లవాడికి ముట్టుకోవడానికి మిగిలేది వాడి బొటనవేలు ఒక్కటే. అదీ నోట్లో పెట్టుకుంటే ఊరుకోం, వేపనూనె రాస్తాం.

ఈ మాట మంచిదా చెడ్డదా అని నేనెన్నడూ ఆలోచించలేదు. మా అమ్మ అంది, నేను అన్నాను, ఇప్పుడు మా అమ్మాయి అదే మాట ఇంగ్లీషులో అంటోంది. మొన్న వేసవి సెలవుల్లో ఒక చిన్న సంగతి జరగబట్టి ఇంత ఆలోచించవలసి వచ్చింది.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. బెంగుళూరులో ఉంటాడు. సెలవులకు నల్లగొండ వచ్చి, రెండో వారానికే "అమ్మమ్మా, బోర్" అన్నాడు. మే నెల ఎండల్లో వాణ్ణి ఎక్కడికని తిప్పను? ఒకరోజు పొద్దున్నే పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడికి తీసుకుపోయాను. కుందూరు చోడుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ రోజంతా నిలిచే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు గాని ఆ నీడ కదలదు. బయటి స్తంభాల మధ్యనుంచి చెదిరి వచ్చే వెలుతురు వల్ల అలా జరుగుతుందని మా జిల్లాలోనే భౌతికశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు నమూనా కట్టి మరీ చూపించారు. అదంతా నేను వాడికి చెప్పబోయేలోగానే వాడు ఒక్కొక్క స్తంభాన్నీ కావలించుకుని, చెయ్యి అడ్డం పెట్టి, ఏ స్తంభం నీడో తేల్చడానికి పూనుకున్నాడు. అలవాటు కొద్దీ నేను అన్నాను, "ఒరేయ్, అన్నీ అలా ముట్టుకోకూడదు" అని.

"మరి ముట్టుకోకుండా తెలుసుకోవడం ఎలా అమ్మమ్మా?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు పెద్దవాళ్ళం చేసే పనే చేశాను. హైదరాబాదు తీసుకెళ్తానని మాట ఇచ్చాను. అక్కడ ముట్టుకోవడానికే పెట్టిన వస్తువులున్నాయిలే అన్నాను.

వాడు ఒక్కడే రానన్నాడు. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా పని చేస్తున్న ఆవిడ కూతురు కూడా వస్తేనే వస్తానన్నాడు. ఆ పిల్ల సర్కారు బడిలో ఏడో తరగతి ముగించింది. చురుకైనది. వీడికి వామనగుంటలు నేర్పి, వారం రోజులుగా వరసగా ఓడిస్తోంది. వాళ్ళమ్మ ఒప్పుకుంది గాని, బస్సెక్కే ముందు పిల్ల తలదువ్వి, రిబ్బన్లు కట్టి, చెవిలో ఒకటే మాట చెప్పింది. "ఏం ముట్టకు బిడ్డా. పలిగితే మనం తెచ్చియ్యలేం."

ఆ మాట నేనూ విన్నాను. తల్లి చెప్పవలసిన మాటే చెప్పింది అనుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా తమ్ముడింట్లో దిగి, మొదటి రోజు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. 1951లో పాత దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారిందది. అన్నేసి వస్తువులు, అన్నీ తాళ్ళకూ అద్దాలకూ అవతల. మేలిముసుగు రెబెక్కా ముందు నేను ఎప్పటిలాగే నిలబడిపోయాను. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొని తెచ్చిన పాలరాతి బొమ్మ. బెంజోనీ అనే శిల్పి చెక్కాడు. రాతిలో ఆయన చెక్కింది ముఖాన్ని కాదు, ముఖం మీద తడిసి అంటుకున్నట్టున్న పల్చని గుడ్డని. చీరలు ఉతికి ఆరేసిన ఏ ఆడదానికైనా ఆ ముసుగును వేళ్ళతో కాస్త ఎత్తి చూడాలనిపిస్తుంది. అది రాయి అని తెలిసీ అనిపిస్తుంది. అలా అనిపించిన వాళ్ళందరూ ఎత్తి చూస్తే ఆ ముసుగు ఏమయ్యేదో తెలుసు కనక, చేతులు కట్టుకుని నిలబడతాం. అది న్యాయమే.

ఆ రోజంతా మా మనవడు నన్ను కాపలాదార్ల చేత కోప్పడనిచ్చాడు. తాటి మీదికి వంగడం, అద్దానికి ముక్కు ఆనించడం, గంటల గడియారంలో బొమ్మ వచ్చి గంట కొట్టేవేళకు ముందువాళ్ళ చంకల్లోంచి దూరడం. ఆ పిల్ల మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి చూసింది. ఒక పెద్దావిడ నాతో, "మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలండీ" అంది. నేను "మా అమ్మాయి కాదు" అనలేదు. లోలోపల గర్వపడ్డాను కూడా. బుద్ధులు మా ఇంట్లో నేర్చినవే కదా అని.

రెండోరోజు నౌబత్ పహాడ్ ఎక్కాం. ఎదుటి గుట్ట మీద బిర్లా మందిరం, ఈ గుట్ట మీద బిర్లా సైన్స్ సెంటర్. నౌబత్ అంటే నగారా. వెనకటి రోజుల్లో ఈ గుట్ట మీద నగారా మోగించి పాలకుల ఆజ్ఞలు చదివి వినిపించేవారట. 1985లో ఇక్కడ నక్షత్రశాలను ఎన్.టి. రామారావుగారు ప్రారంభించారు. సైన్సు మ్యూజియం 1990లో వచ్చింది. తరవాత 2000లో, ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టిన రాక్షసిబల్లి వచ్చింది. 44 అడుగుల పొడవు. మన గోదావరి ఒడ్డున తిరిగిన జంతువు. దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు గాని, దాని ముందు మా మనవడు మొదటిసారి నోరు మూసుకున్నాడు కనక నేను దానికి రుణపడి ఉన్నాను.

మ్యూజియంలో సంగతి వేరు. వంకర అద్దాలు, మీటలు, పిడులు, తిప్పేవి, నొక్కేవి. వాడు అన్ని మీటలూ నొక్కుకుంటూ పోయాడు. ఒకటి నొక్కి, అది ఏం చేస్తుందో చూడకుండానే రెండోదానికి పరుగు. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఇలాంటి చోట పిల్లలు తమంత తామే నేర్చుకుంటారని పెద్దలు రాస్తూంటారు. నేను చూసినంతలో సగం మంది పిల్లలు నేర్చుకునేది మీట నొక్కడం. అది ఇంట్లో టీవీ దగ్గర నేర్చిందే.

వంకర అద్దం ముందు ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. తన పొట్టి రూపాన్నీ, నా పొడుగు రూపాన్నీ చూసి. అయితే చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. పక్కనే ఇంకో బల్ల. పిడి తిప్పితే కరెంటు పుట్టి బల్బు వెలుగుతుంది. మా వాడు నాలుగు చుట్లు తిప్పి, బల్బు మినుక్కుమనగానే పరిగెత్తాడు. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది. పిడిని చూస్తుంది, బల్బును చూస్తుంది, తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో వంగి చూస్తుంది. ముట్టుకోదు.

"తిప్పవే" అన్నాను.

"ముట్టొచ్చా పెద్దమ్మా?"

"ముట్టుకోవడానికే పెట్టారు."

నన్నొకసారి చూసింది. నిజమేనా అన్నట్టు కాదు. నా మాటే అయినా నమ్మవచ్చునా అన్నట్టు. అప్పుడు చెయ్యి ముందుకు చాపి పిడి పట్టుకుంది. పట్టుకోవడం కూడా మా వాడిలా కాదు. విసుర్రాయి పట్టుకున్నట్టు, కాలు కాస్త ముందుకు వేసి, భుజంలోంచి తిప్పింది. బల్బు మినుకుమినుకుమనడం మానేసి స్థిరంగా వెలిగింది. మెల్లగా తిప్పి చూసింది, వెలుగు తగ్గింది. జోరుగా తిప్పింది, పెరిగింది. ఆ ముఖం మీరు చూడవలసింది.

ఇంతలో అక్కడి అటెండరు ఇటు నడిచి వచ్చాడు. ఆయన అడుగుల చప్పుడు వినగానే ఆ పిల్ల నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాగేసుకుని, మళ్ళీ వెనక్కి కట్టుకుంది.

"ఎందుకు ఆపినవ్ బేటా? తిప్పు, ఇంకా జోరుగ తిప్పు" అన్నాడాయన.

"పాడైతే సార్?"

"పాడైతే బాగుచేస్తం. గందుకే గద మేమున్నది."

ఆయన అదేమంత గొప్ప మాట అనుకోలేదు, అనేసి అటు వెళ్ళిపోయాడు. నేను మాత్రం పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. నా బుర్రలో ఒక పాత మధ్యాహ్నం తిరగడం మొదలుపెట్టింది.

మా హాల్లో అద్దాల బీరువాలో కొండపల్లి ఏనుగు ఉంది, అంబారీతో సహా. నా పెళ్ళినాటిది. మనవడికి నాలుగేళ్ళప్పుడు వాడి కోసం ఆ ఏనుగును బయటికి తీశాను. వాడు తొండం పట్టుకుని నేల మీద ఈడుస్తున్నాడు. అప్పుడు ఏడేళ్ళ ఈ పిల్ల, వాళ్ళమ్మ వంటింట్లో గిన్నెలు తోముతుంటే వచ్చి కూర్చుని, ఏనుగు వీపు మీద ఒక్క వేలు పెట్టింది. నేను అన్నాను, "నువ్వు ముట్టుకోకమ్మా, పాడవుతుంది" అని. కసిరి అనలేదు. మెత్తగా, నవ్వుతూనే అన్నాను. ఈడ్చేవాడి చేతిలో పాడవని ఏనుగు, ఆ ఒక్క వేలికి ఎలా పాడవుతుందని నేను అనుకున్నానో నాకే తెలియదు. ఆ "నువ్వు" అన్న మాట ఎందుకు వచ్చిందో మాత్రం తెలుసు.

మన భాషలో ఈ ముట్టు అన్న చిన్న మాట ఎన్నిళ్ళలో కాపురముందో చూడండి. దీపం ముట్టిస్తాం. జీతం చేతికి ముట్టిందంటాం. పనిముట్టు అన్నదాంట్లోనూ ఉంది. ఆడవాళ్ళ నెలసరికీ అదే పేరు. ఆ మూడు రోజులూ మన అమ్మలు ఏ మూల కూర్చున్నారో, ఆ రోజుల్లో ఆవకాయ జాడీ వంక చూసినా బూజు పడుతుందని మనల్ని ఎలా తరిమారో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నా మటుకు నేను ఒకసారి పరీక్ష చేశాను. పెళ్ళయిన కొత్తలో, అత్తగారు ఊళ్ళో లేనప్పుడు, ఆ రోజుల్లోనే జాడీలో చెయ్యి పెట్టాను. ఆ ఏడు ఆవకాయ మళ్ళీ ఉగాది దాకా నిక్షేపంలా ఉంది. అదే, నేను మొదట చేతులతో చేసి తెలుసుకున్న శాస్త్రం.

పెద్ద అంటు సంగతి వేరే ఉంది. అంటరానితనం రద్దయిందని 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగం పదిహేడో అధికరణం చెబుతుంది. చట్టం వీధి వాకిలి దాకా వచ్చింది. మా వంటింటి కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉండేది. పనిచేసే ఆవిడ టీ తాగే గ్లాసు. "ఎవరి గ్లాసు వాళ్ళకుంటే శుభ్రం కదా" అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మరి మా ఆయన గ్లాసు, మా అమ్మాయి గ్లాసు విడిగా ఎందుకు లేవో ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ గ్లాసు మొన్నమొన్నటి దాకా ఉంది. ఎప్పుడు తీసేశానని అడగకండి, సిగ్గుగా ఉంటుంది.

అంచేత "ముట్టుకోకు" అన్నది ఒక మాట కాదు. పొయ్యి దగ్గర అన్నది పిల్లవాడి మీద ప్రేమ. రెబెక్కా దగ్గర అన్నది వస్తువు మీద జాలి. ఇంకొకటుంది, దానికి మనం శుభ్రమనీ, పద్ధతనీ, బుద్ధిమంతనమనీ పేర్లు పెట్టుకున్నాం. చిక్కేమిటంటే, వినే పిల్లలకు మూడూ ఒకేలా వినిపిస్తాయి. మన గొంతు కూడా మూడింటికీ ఒకటే.

నిజానికి మనది చేత్తో నేర్చుకునే సంప్రదాయమే. అక్షరాభ్యాసం రోజున ఏం చేస్తాం? పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. అక్షరం కంటికి కనబడే లోపల వేలికి తగులుతుంది. మాంటిస్సోరీ అమ్మగారు గరుకు కాగితం అక్షరాలను పిల్లల చేత తడిమించింది కూడా ఇందుకే. 1939లో మన దేశం వచ్చి, మద్రాసు అడయారులో ఉండి ఉపాధ్యాయులకు ఆ పద్ధతి నేర్పింది. మన వేడుకలో ఉన్న తెలివి ఆ ఒక్క రోజుతో సరి. మర్నాటి నుంచి చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో.

పిల్లలకు విడిగా మ్యూజియం అన్నది న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో 1899లో మొదలైంది. దాన్ని బీరువాల్లోంచి పూర్తిగా బయటికి లాగినవాళ్ళలో ఒకరు బోస్టన్‌లో మైకేల్ స్పాక్. 1962లో అక్కడి పిల్లల మ్యూజియానికి అధిపతి అయ్యారు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది అంటున్నారా? పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి మనలో ఎంతోమంది తల్లుల తలగడల కింద చోటు సంపాదించిన డాక్టర్ స్పాక్ కొడుకే ఆయన. మైకేల్‌కు చిన్నప్పుడు అక్షరాలు తారుమారుగా కనబడి చదువు కష్టంగా ఉండేది. చదివి నేర్చుకోలేని పిల్లవాడికి మ్యూజియంలో చీటీలు చదివించి ఏం లాభమో ఆయనకు బాగా తెలుసు.

నాకు ఇంకా నచ్చిన మనిషి ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. అణుబాంబు చేసిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు. తానూ ఆ పనిలో ఉన్నవాడే. కమ్యూనిస్టు అన్న ముద్రతో 1949లో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోయింది. ఫిజిక్సు పాఠం చెప్పే చోటు ఎక్కడా దొరక్క, కొలరాడోలో పశువులు మేపుకుంటూ బతికాడు. తరవాత ఆ పక్క చిన్న ఊరి హైస్కూల్లో మేష్టరయ్యాడు. పాత సామానులోంచి ఇనుప ముక్కలు ఏరి పిల్లల చేత ప్రయోగాలు చేయించాడు. అదే పెరిగి పెరిగి 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరటోరియం అయింది. దాని విశేషం అక్కడి వింతల్లో లేదు. వస్తువులు తయారుచేసే కార్ఖానాను, విరిగినవి అతికే బల్లలను, ఆయన వెనక గదిలో దాచలేదు. వచ్చినవాళ్ళకు కనబడేటట్టు పెట్టాడు. వేలమంది పిల్లలు ముట్టుకుంటే వస్తువులు అరుగుతాయి, విరుగుతాయి. ముట్టుకొమ్మని పిలిచినవాడు మరమ్మతుకు కూడా సిద్ధపడాలి. నౌబత్ పహాడ్ మీద ఆ అటెండరు అన్నది అదే, ఇంకా తక్కువ మాటల్లో.

ఇక్కడ మన ఆడవాళ్ళ తరఫున ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంట్లో "ముట్టుకోకు" అనే గొంతు ఎప్పుడూ మనదే ఎందుకయింది? ఒలికింది తుడిచేది మనం, చెదిరింది సర్దేది మనం, పగిలిన గాజుముక్కలు పిల్లల కాళ్ళకు గుచ్చుకోకముందే ఏరేది మనం. నాన్నలు ఉదారంగా "ఆడుకోనీవే" అంటారు, పేపరు మడత విప్పుతూ. బాగుచేసే భారం ఎవరిదో వాళ్ళే కాపలా కాస్తారు. ఆ పిల్ల తల్లి చెప్పిన "తెచ్చియ్యలేం" కూడా అదే లెక్క. ఆవిడ భయం వస్తువు పాడవుతుందని కాదు, ఆ బాకీ తన జీతంలోంచి పోతుందని.

ఇంతవరకూ చదివి, అయితే అన్నీ ముట్టుకోనివ్వమంటుంది కాబోలు ఈవిడ అనుకోకండి. నాది మహబూబ్‌నగర్ పుట్టిల్లు. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి. చిన్నప్పుడు నేను ఆ పేరును, పిల్లల కోసం ఉన్న మర్రి అనుకునేదాన్ని. పిల్లలు పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లలు పెట్టి, మూడెకరాల పైన పరుచుకున్న మర్రి అని తరవాత తెలిసింది. ఏడు వందల ఏళ్ళదని చెబుతారు. మాకు వేరే ఏ మ్యూజియం అక్కర్లేదు, అదే చాలు. ఊడలు పట్టుకుని ఊగాం. కొమ్మలెక్కి నడిచాం. ఊడ నేలను తాకి ఎలా మాను అవుతుందో ఏ మేష్టరూ చెప్పకుండా తడిమి తెలుసుకున్నాం. బడి నుంచి తీసుకెళ్ళినప్పుడు, తొమ్మిదో తరగతిలో, జామెట్రీ బాక్సులోని డివైడరుతో ఒక ఊడ మీద నా పేరు చెక్కాను. పక్కనే నా స్నేహితురాలు తన పేరు చెక్కింది. రెండు పేర్ల చుట్టూ ఒక పువ్వు. ఎవరూ ముట్టుకోవద్దనలేదు.

2017 డిసెంబరులో ఆ చెట్టు పెద్ద కొమ్మ విరిగి పడింది. మానంతా చెదలు. చూడవచ్చేవాళ్ళను ఆపేశారు. 2018లో, జబ్బుమనిషికి పెట్టినట్టు, కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. కింద సిమెంటు దిమ్మెలు కట్టి కొమ్మలను నిలబెట్టారు. పేపర్లో ఆ ఫోటో చూసి నేను అన్నం మధ్యలో లేచాను. చెదలకు నా డివైడరు కారణం కాదు, నిజమే. కాని జనం ఊగి ఊగి, చెక్కి చెక్కి, తొక్కి తొక్కి దాన్ని ఇంతకు తెచ్చారని రాసినప్పుడు ఆ జనంలో నేను లేనని ఎలా అనను? మర్రి బాగుచేయడానికి పిలిస్తే వచ్చే అటెండరు లేడు. అందరిదీ అనుకుని ముట్టుకున్నాం, ఎవరిదీ కానట్టు వదిలేశాం.

అప్పట్లో ఆ ఊడ దగ్గర ఎవరైనా నిలబడి "ముట్టుకోకు" అని ఉంటే ఎంత బాగుండేది! ఆ చేతినే ఏనుగు దగ్గర నేను ఎందుకు ఆపాను? ఆపవలసిన చోట ఆపకుండా, ఆపకూడని చోట ఆపుకుంటూ ఒక జీవితం గడిపాను. వయసొచ్చాక ఇలాంటి లెక్కలు రాత్రిపూట వస్తాయి.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటేదాకా ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, గాల్లో పిడి తిప్పుతూనే ఉంది. మా వాడు నా ఒళ్ళో నిద్రపోయాడు.

వారం తరవాత, వాళ్ళమ్మతో వచ్చినప్పుడు, బీరువా తాళం తీసి ఏనుగును ఇచ్చాను. తీసుకోలేదు. చేతులు వెనక్కి పోయాయి.

"పాడైతే?" అంది.

"బాగుచేద్దాం."

"మీకొస్తదా?"

రాదు. అరవై దాటిన నాకు అతికించడం రాదు, పక్కకు దాచడమే వచ్చు. అయినా తెలుసుకుని చెప్పాను. కొండపల్లివాళ్ళు తెల్లపొణికి కర్రలో తొండం వేరు, తోక వేరు చెక్కి, చింతగింజల మక్కుతో అతుకుతారు. ఏ ముక్కకా ముక్క ఊడితే మళ్ళీ అతకవచ్చు. అది విన్నాక ఆ పిల్ల ఏనుగును రెండు చేతులా తీసుకుని, తలకిందులు చేసి, ముందు అతుకులు వెతికింది.

మూడో రోజుకు తోక ఊడింది. ఎవరి చేతిలో ఊడిందో చెప్పను, నా చేతిలో కూడా కావచ్చు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి నూరాను. మొదటిసారి పల్చనైపోయి రాత్రికి రాత్రే తోక కింద పడింది. రెండోసారి ఆ పిల్లే నూరింది, కాస్త రంపపు పొట్టు కలిపి, గట్టిగా. వేలితో రాసి, తోక నిలబెట్టి, పేపరు మీద పెట్టింది. నిలబడిందా లేదా అని నేను వేలు చాపబోయాను.

"ఆరేదాక ముట్టకు పెద్దమ్మా" అంది.